కుట్టుకొట్లో ఒకే ఫ్యాను

మనిషి ఒట్టి స్వార్థపరుడని కటింగ్ మాస్టారి గట్టి నమ్మకం. రుజువుగా కొట్లో ఉన్న ఒకే ఒక్క స్టాండు ఫ్యానును చూపించేవాడు. దాని మెడ తిరగడం ఎప్పుడో మానేసింది. చేత్తో ఎటు తిప్పితే అటే గాలి.

ఉక్కపోతకు ప్రాణాలు పోతున్న ఓ మధ్యాహ్నం, మాస్టారు ఫ్యానును గోడవైపు తిప్పి, బొత్తాలకని బయటికెళ్లి, గుమ్మం తెర చాటున నిలబడ్డాడు. ఎవరు ముందు లాక్కుంటారో చూద్దామని.

లోపల ఇస్త్రీ చేస్తున్న అతని బావ లేచాడు. అనుకున్నదే, అనుకున్నాడు మాస్టారు. బావ ఫ్యానును మిషను కుడుతున్న అక్కవైపు తిప్పాడు. కాసేపటికి అక్క లేచి, చెమటతో తడిసిన మొగుడివైపు తిప్పింది. బావ విసుక్కుని దాన్ని మాస్టారి ఖాళీ కుర్చీకేసి తిప్పేశాడు.

"మీ తమ్ముడు ఎండన పడి వస్తాడు. వాడికుండనీ."

మాస్టారు లోపలికొచ్చి కూర్చున్నాడు. చల్లగాలి మొహానికి తగిలింది. ఫ్యానును వాళ్లిద్దరివైపు తిప్పాడు.

"నా కొలతల కాగితాలు ఎగిరిపోతున్నాయి," అన్నాడు చిరాగ్గా.

"చూశారా," అంది అక్క బావతో. "ఎప్పుడూ వాడి కాగితాల గోలే వాడిది. ఒట్టి స్వార్థపరుడు."

మాస్టారు చెమట తుడుచుకుంటూ కత్తెర అందుకున్నాడు.