రొదెమ్మ పేరు

మా అత్త మహానందమ్మకు చెవుడని ఆళ్ళగడ్డంతా అంటుంది గానీ నేను నమ్మను. వంటింట్లో నేను బెల్లం ముక్క కొరికితే వసారాలో ఉన్న ఆమెకు వినిపిస్తుంది. వినిపించనివల్లా ఆడవాళ్ళు చెప్పే మంచి మాటలే. తల్లికి తగ్గ కొడుకు మా ఆయన సుబ్బరామయ్య. నంద్యాల నుంచి కాపురానికొచ్చిన ఐదేళ్ళలో నేను కాల్చిన జొన్నరొట్టెలన్నీ ఆయన లోపలికి పోయాయి, నా మాట ఒక్కటీ పోలేదు.

ఆ శ్రావణంలో పెరట్లో పాతర తెరిచారు. భూమిలో రెండు నిలువుల గొయ్యి, అడుగున జొన్నలు, పైన ఏడాది కిందట మెత్తిన మట్టి. తెరిచాక ఒక రోజైనా ఆరనివ్వాలి, లోపలి గాలి మంచిది కాదు. కానీ కోయిలకుంట్ల దిక్కున మబ్బు నల్లగా కమ్ముకొస్తోంది. వానకు ముందే గింజలు పైకి రావాలని ఆయన తొందర. దిగాల్సింది మాత్రం మా జీతగాడు సంజీవయ్య.

సంజీవయ్య భార్య రొదెమ్మ నులకతాడుకు లాంతరు కట్టి దించింది. సగం లోతుకే ఆరిపోయింది.

"ఈ పొద్దు దిగొద్దప్పా. దీపమే బతకల్యా, మనిషి బతుకుతాడా?"

"గాలికి ఆరిందిలేవే, పిచ్చిదానా!" అని కసిరాడు మా ఆయన.

వేపచెట్టు మీద ఆకు కదలడం లేదు.

"ఆమె చెప్పేది నిజం" అన్నాను.

"నీ కాలేజీ చదువు పొయ్యికాడ పెట్టుకో. పోయి మోకు తీసకరా."

మోకు వంటింటి కొక్కేనికి ఉంది. నడుస్తుంటే రొదెమ్మ పేరు వెనక కథ గుర్తొచ్చింది. ఒకనాడు పేడతట్టతో వాకిట్లో నిలబడి రొదెమ్మే చెప్పింది. వాకిలి దాటి రావడానికి ఆమెకు మా ఇంట్లో వీల్లేదు. పేరు వాళ్ళ బైబిల్లోదట, నంద్యాల పాదిరి పెట్టాడట. గ్రీకు మాట, గులాబి అని అర్థం. "పేడ మోసేదానికి గులాబీనా!" అని నవ్వింది అత్త, వసారాలోంచే. కథ మాత్రం ఆమెకు వినిపించలేదు. బైబిల్లోని ఆ రొదే అనే పిల్ల ఒక ఇంట్లో పనిపిల్ల. చెరలో ఉన్న తమ గురువు పేతురు కోసం ఇంటివాళ్ళంతా లోపల ప్రార్థన చేస్తున్నారు. ఆ పేతురే బయటపడి వచ్చి తలుపు తట్టాడు. గొంతు గుర్తుపట్టిన పిల్ల సంతోషంలో తలుపు తీయడం మరచి లోపలికి పరుగెత్తి చెప్పింది. పిచ్చిదానివన్నారు. కాదు నిజమంటే, అయితే అతని దూత అయ్యుంటుందన్నారు. పనిపిల్లను నమ్మడం కంటే దేవదూతను నమ్మడం వాళ్ళకు తేలికైంది. అప్పుడు నేను అడిగాను, తర్వాత ఆ పిల్ల ఏమైందని. "రాయల్యా చిన్నమ్మా. పిచ్చిది కాదని ఎవురన్నా ఒప్పుకున్యారో లేదో, అదీ రాయల్యా."

మనిషిని మోసే మోకు ఇంట్లో అదొక్కటే. తీసి చుట్ట చుట్టుకుని ఒళ్ళో పెట్టుకున్నాను. అంతకు ముందే తలుపు గడియ వేశాను. రొదే మరచిపోయి తీయలేదు. నేను గుర్తుంచుకుని తీయలేదు.

"ఏందే, ఏం చేస్తాండావ్ లోపల?"

తలుపు మీద మా ఆయన దెబ్బలు. "దయ్యం పట్టిందిరా దీనికి!" అత్త గొంతు. వీపు తలుపుకు ఆనించి కూర్చున్నాను. ప్రతి దెబ్బా వెన్నులో దిగుతోంది. పైన గడియ మేకు కొంచెం కొంచెంగా ఊడివస్తోంది. అది ఊడితే మోకు పోతుంది, మోకుతో సంజీవయ్య.

అప్పుడు పెరట్లో అత్త పెంచుకునే ఎర్రకోడి రెక్కల చప్పుడు. గింజ కోసం పాతరలోకి దూకినట్టుంది. లోతులోంచి రెండుసార్లు అరిచింది. మూడోసారి అరవలేదు.

దెబ్బలు ఆగాయి. అడుగులు పెరటి వైపు పోయాయి. పాతరలోని నిశ్శబ్దం మా అత్తకు కూడా వినిపించింది.

మోకు వదలకుండానే పెరటి కిటికీ తీశాను. సంజీవయ్య దిగకుండా పాతర ఒడ్డునే కూర్చుని ఉన్నాడు. రొదెమ్మ అతని చొక్కా పిడికిట్లో బిగించి పట్టుకుని ఉంది. మా ఆయన పాతరలోకి చూస్తూ, తల ఎత్తకుండా, అందరికీ వినబడేలా అన్నాడు:

"నువ్వు పిచ్చిదానివి గాదు రొదెమ్మా. తప్పు నాది."