వరదలో తడవని కంప్యూటర్

నర్సీపట్నంలో బళ్ల వైరింగ్ చేసే నూకరత్నానికి వీరేంద్ర మాట మింగుడుపడలేదు. పాత జీపుకి బిగించమని అతను తెచ్చిన కొత్తరకం ఇంజన్, దాన్ని నడిపించే కంప్యూటర్ వరదలో మునిగిన కారులోవట. ప్లగ్గు విప్పితే పిన్నులు తళతళలాడుతున్నాయి. బురద జాడే లేదు. వైర్లు మాత్రం ఎవరో హడావిడిగా కోసేసినట్టున్నాయి.

"బేగి కానియ్యక్కా, కొయ్యూరు ఎల్లాల."

"తడపకుండా ముంచిందా? అదేటి వరద బాబూ!"

నూకరత్నం చెయ్యి చాపింది.

"ఆ కారు తాళం ఇయ్యి. అది లేందే ఈ కంప్యూటర్ ఇంజన్ని స్టార్టవనివ్వదు."

"వరదలో పోనాది. నువ్వే ఏదోటి సెయ్యి."

దొంగ ఇంజన్‌కి వైరింగ్ చేస్తే షాపు మూతపడుతుంది.

"అయితే కొన్న కాగితం సూపించు."

నిజాయితీపరుడైతే తగువుకి దిగేవాడు. వీరేంద్ర కాగితం తెస్తానంటూ ఇంజన్ని అక్కడే వదిలేసి వెళ్లిపోయాడు. దొంగసొత్తు తన షాపులో దొరక్కముందే తనే చెప్పాలని, అతను సందు దాటేలోగా ఆమె పోలీసులకు ఫోన్ చేసింది.