టాకాల మీద పచ్చరంగు

ఎబినేజర్ సంచి సర్దుతుంటే నేను ఒక్కో అంగీ బయటికి తీసి మంచం మీద పెడుతున్నాను. వాడు మళ్లీ మడిచి లోపల పెడుతున్నాడు.

"ఇంకా పనే మొదలుపెట్టలే. అప్పుడే పయనమా?" అన్నాను.

"ఓడినంక సర్దుకుంట కూసుంటే ఇజ్జత్ ఉండదక్కా. గెలిస్తే మళ్ల నువ్వే తీసి దండెం మీద ఏద్దువు."

వాడు నా తమ్ముడు. అమ్మ పోయేనాటికి వాడికి పాలపళ్లు ఊడలేదు. నా పెళ్లయిన ఇంట్లోనే పెరిగాడు, మెదక్‌లో మా ఆయన ఇమ్మాన్యుయేలు నడిపే లేత్ షాపులోనే పని నేర్చాడు. మా నాయన ఇట్లాగే ఒక సంచి భుజాన వేసుకుని బొంబాయి పోయి మళ్లీ కనిపించలేదు. అమ్మను దవాఖానకు తీసుకుపోయిన రోజు ఆమె చీరలు సర్దింది నేనే. ఇంట్లో సంచి జిప్పు చప్పుడైతే ఇప్పటికీ పొయ్యి వదిలి వచ్చి చూస్తాను, ఎవరు పోతున్నారోనని. ఆ సోమవారం మాత్రం భయంకన్నా కోపమే ఎక్కువగా ఉంది. కోపం మా ఆయన మీద.

షాపులో ఒక పెద్ద లేత్ ఉంది, ఇనుమును తిప్పుతూ చెక్కే మిషను. మూతపడ్డ ఫ్యాక్టరీ నుంచి తెచ్చాం. అన్నీ వచ్చాయి గాని దాని స్టెడీ రాలేదు. షాఫ్టును, అంటే పొడుగాటి ఇనుప ఇరుసును, రెండు కొసలా పట్టి తిప్పితే, తడిబట్టలు వేసిన దండెంలాగా నడుమ జారుతుంది, వణుకుతుంది. ఆ నడుముకు ఆసరాగా నిలబెట్టే ఇనుప కడియమే స్టెడీ. అది లేక ఆ మిషను మీద పొడుగు పనులేవీ పట్టలేదు. టేక్మాల్ రైసుమిల్లు శ్రీనివాస్ కొత్త షాఫ్టు చెయ్యమని వచ్చినప్పుడు, మా ఆయన కాదని పంపించబోయాడు. స్టెడీ నేను చేస్తానన్నాడు తమ్ముడు.

మా ఆయనకు అది గిట్టలేదు. పనివాళ్లందరి ముందు అన్నాడు: "నువ్వు చేసింది నిలబడితే పెద్ద లేత్ నీకే అప్పజెప్త. నిలబడకపోతే బస్సెక్కు. నా ఇంట్ల తిని పెరిగి నాకే పని నేర్పుతవా?"

తిన్న అన్నం లెక్క తీసే మనిషితో నలభై ఏళ్లు కాపురం చేశాను. వండింది నేను, వడ్డించింది నేను, లెక్క మాత్రం ఆయనది.

తమ్ముడు మందం రేకును గ్యాసుతో గుండ్రంగా కోశాడు. ఆ కడియాన్ని మళ్లీ రెండు సగాలు చేశాడు. పై సగానికి కీలు పెట్టాడు, మూత తెరిచినట్టు తెరిచి షాఫ్టు లోపల పెట్టడానికి. మూడు వైపుల నుంచి మూడు లావు బోల్టులు, వాటి మొనలకు ఇత్తడి ముక్కలు. ఇనుము ఇనుమును కొరుకుతుంది, ఇత్తడి తానే అరిగి షాఫ్టును కాపాడుతుంది. నేను చాయ్ తీసుకుపోయి అక్కడే నిలబడి చూసేదాన్ని.

గురువారం సాయంత్రం కడియాన్ని కింది పీట మీద నిలబెట్టి, కాళ్లకు టాకాలు వేశాడు. టాకా అంటే జాకెట్టుకు వేసే కచ్చాకుట్టు లాంటిది, సరిగ్గా నిలిచిందో లేదో చూసుకోవడానికి. అసలు వెల్డింగు ఆ తర్వాత. అంతలో గాలివాన వచ్చి కరెంటు పోయింది.

టాకాల చుట్టూ సుద్దతో సున్నాలు చుట్టి తమ్ముడు అన్నాడు: "బావా, కాళ్లకు టాకాలే ఉన్నయి. ఫుల్ వెల్డింగ్ శనివారం నేనొచ్చి కొడ్త. అందాంక ముట్టకు."

"సరే తియ్," అన్నాడు ఆయన. నేను అక్కడే ఉన్నాను.

మర్నాడు గుడ్ ఫ్రైడే. ఆ రోజు మా ఇంట్లో ఎవరూ సుత్తె పట్టరు, మేకు కొట్టరు, వెల్డింగు రాడ్డు ముట్టరు. ప్రభువుకు మేకులు కొట్టిన రోజని మా అత్త పెట్టిన కట్టుబాటు. తమ్ముడు, నేను పొద్దంతా చర్చిలో ఉన్నాం. తిరిగి వచ్చేసరికి స్టెడీ పచ్చగా మెరుస్తోంది. మా ఆయన దానికి రంగేసి కూర్చున్నాడు.

"రంగెయ్యొద్దని బైబిల్ల లేదు గదా," అన్నాడు నవ్వుతూ. "రేపు మిల్లు సారు వస్తడు. కంపెనీ మాల్ లెక్క కనపడాలె."

రంగు కింద సుద్ద గుర్తులూ పోయాయి, టాకాలూ పోయాయి.  రేపు రంగు గీకి వెల్డింగు కొడతానన్నాడు తమ్ముడు.

శనివారం పొద్దున్నే సున్నం బకెట్టు పట్టుకుని సమాధుల తోటకు పోయాడు. ఈస్టర్ తెల్లవారుజామున కొవ్వొత్తులు పెట్టే ముందు అమ్మ సమాధికి సున్నం వేసేది వాడే. వాడు పోయిన కాసేపటికే శ్రీనివాస్ కారు వచ్చింది. మా ఆయన షాఫ్టు ఎక్కించమన్నాడు పనివాళ్లను.

"తమ్ముణ్ణి రానియ్యి. వెల్డింగ్ కాలేదన్నడు గదా," అన్నాను.

"చర్చి పాటల పుస్తకం సూసి నాలుగు అక్షరాలు నేర్చినవని ఇర్రవీగకు. వెల్డింగ్ గూడ పాటల పుస్తకంల ఉన్నదా?"

శ్రీనివాస్ నవ్వాడు. మా ఆయన స్విచ్ వేశాడు.

కాసేపు బాగానే తిరిగింది. చెక్కే పనిముట్టు షాఫ్టుకు ఆనగానే టప్పుమని చప్పుడు. కడియం పక్కకు ఒరిగింది. షాఫ్టు కొరడాలా ఊగి, కొస ఊడి మిషను మీద పడింది. మా ఆయన గోడకు అంటుకుపోయి బతికాడు. షాఫ్టు మాత్రం వంగింది.

తమ్ముడు వచ్చేసరికి ఆయన అరుస్తూనే ఉన్నాడు. "చూడుండ్రి సార్, వీని పనితనం. మనిషి సచ్చేటోడు."

తమ్ముడు వంగి, తెగిన టాకాలను సున్నం చేతులతో తడిమాడు. లేచి, మెల్లగా అన్నాడు:

"బావా, నేనేం జెప్పి పోయిన్నో సారుకు చెప్పు. అదొక్కటి చెప్పు, చాలు."

"నాకేం జెప్పలే నువ్వు."

"చెప్పిండు," అన్నాను నేను. "నా ముంగటనే చెప్పిండు. సుద్దతోని గుర్తు గూడ పెట్టిండు. నువ్వే రంగు పూసినవ్. దేవుని పండుగ పూట అబద్ధమాడకు."

"ఆడోళ్లు తమ్ముని దిక్కే మాట్లాడుతరు సార్," అన్నాడు శ్రీనివాస్ వైపు తిరిగి.

"మీ ఇంటి పంచాయితీ నాకెందుకు మేస్త్రీ. నాకు షాఫ్టు కావాలె," అన్నాడు శ్రీనివాస్. వంగిన షాఫ్టును హైదరాబాదుకు ఎత్తించుకుపోయాడు.

పనివాళ్లు తల వంచుకుని చెత్త ఊడుస్తున్నారు. వాళ్లందరూ గురువారం అక్కడే ఉన్నారు, విన్నారు. ఒక్కడూ నోరు తెరవలేదు. తమ్ముడు వాళ్లందరి మొఖాలూ వరసగా చూసి, నల్లా కింద చేతులు కడుక్కున్నాడు.

"ఓడితే పొమ్మన్నడు, సరే. నేను ఓడలేదు గదక్కా," అన్నాడు.

"ఓడలేదురా. ఉండు."

"అది నువ్వంటే కాదక్కా, బావ అనాలె."

పండుగ దాటిన సోమవారం మా ఆయన ఆ కాళ్లకు తానే ఫుల్ వెల్డింగ్ కొట్టాడు. ఇప్పటికీ పెద్ద పనులన్నీ దాని మీదే నడుస్తున్నాయి, ఇంత కూడా కదలదు. ఎవరు చేశారని అడిగితే మన షాపులోనే చేశామంటాడు. విన్నప్పుడల్లా చాయ్ గిలాసలు నేలకేసి కొట్టాలనిపిస్తుంది. తమ్ముడు బీదర్ వైపు ఎక్కడో లేత్ మీద ఉన్నాడట. నా ఫోను ఎత్తుతాడు. మెదక్ మాట తేగానే పెట్టేస్తాడు.

ఆ ఈస్టర్ ఆదివారం తెల్లవారుజామున అమ్మ సమాధి మీద కొవ్వొత్తి నేనొక్కదాన్నే పెట్టాను. ఎబినేజర్ సంచి భుజాన వేసుకుని పోయింది 2019 ఏప్రిల్ ఇరవై, శనివారం మధ్యాహ్నం. మళ్లీ రాలేదు.