బోరు అడుగున వేడి

ఎండిపోయిన బోర్లు ఎక్కడెక్కడ ఉన్నాయో చూపించే మనిషి కావాలని ఒక అమ్మాయి జీపులో కెంచార్లహళ్ళికి వస్తే, అరుగు మీద కూర్చున్న వాళ్ళు ఒకరి మొహం ఒకరు చూసుకుని నవ్వి పిళ్ళప్ప ఇల్లు చూపించారు.

ఆ నవ్వుకు అర్థముంది. ముప్ఫై ఏళ్ళుగా చింతామణి, బాగేపల్లి తాలూకాల్లో బోరు పాయింట్లు పెట్టినవాడు పిళ్ళప్ప. అరచేతిలో టెంకాయ అడ్డంగా పెట్టుకుని, చెప్పులు విడిచి చేనంతా నడిచేవాడు. కింద నీళ్ళున్న చోట టెంకాయ నిలువుగా లేస్తుందని నమ్మకం. లేచిన చోట సున్నం చల్లితే, మర్నాడు లారీ వచ్చి అక్కడే బోరు దింపేది. మొదట్లో మూడొందల అడుగులకే నీళ్ళు పడేవి. తరువాత వెయ్యి అడుగులు పోయినా, పన్నెండొందలు పోయినా తెల్లటి దుమ్ము తప్ప ఏమీ రాని కాలం వచ్చింది. ఆయన పేరు కూడా నీళ్ళతో పాటే అడుగంటింది. ఇప్పుడు అరవై నాలుగేళ్ళు. పాయింట్ పెట్టమని అడిగే వాళ్ళు లేరు.

వచ్చిన అమ్మాయి పేరు అంబిక. చింతామణి పిల్లే. జియాలజీ చదివి, బెంగళూరులో ఒక పరిశోధన సంస్థలో పని చేస్తోంది. జీపు నడిపే నాగేశ్ ఆమెకు సహాయకుడు కూడా. జీపు వెనక పెద్ద చక్రానికి చుట్టిన సన్నటి కేబుల్ ఉంది.

"ఎండిన బోర్లతో నీకేం పనమ్మా?" అన్నాడు పిళ్ళప్ప, ఎగతాళేమోనని అనుమానంగా.

"లోపల ఎంత వేడి ఉండాదో కొలవాలప్పా. నీళ్ళు తోడే బోర్లయితే లెక్క తప్పుతుంది. ఊరికే వదిలేసినవే కావాల. ఎంత లోతయితే అంత మేలు."

"వేడి కొలిచి ఏం చేస్తారు?"

"వేడి బాగా ఉండే చోట దాంతో కరెంటు తీయొచ్చు."

లోపల్నించి భార్య మునిరత్నమ్మ కాఫీ తెచ్చేసరికి పిళ్ళప్ప చెప్పులేసుకుని జీపులో కూర్చుని ఉన్నాడు.

మొదటి బోరు ఊరి బయట టమోటా చేని గట్టు మీద ఉంది. మూతిమీది రాయి జరిపి, కేబుల్ చివర వేలంత లావున్న థర్మామీటర్ కట్టి నాగేశ్ లోపలికి వదిలాడు. కొన్ని అడుగులు దించడం, ఆగడం, అంకె నిలిచేదాకా చూడడం, రాసుకోవడం. మళ్ళీ దించడం. పొద్దంతా అదే పని. పిళ్ళప్ప మాత్రం ఒక చోట నిలవలేకపోయాడు. గట్టు మీద ఆ కొసకు పోయేవాడు, తిరిగి వచ్చేవాడు, ఎంత అని అడిగేవాడు.

"ఇదంతా కరెంటెట్ల అవుతుందమ్మా? నాకర్థమయ్యేట్టు చెప్పు," అన్నాడు చివరికి.

అంబిక పుస్తకం పక్కన పెట్టింది. "భూమి లోపలికి పోయే కొద్దీ వేడెక్కుతుందప్పా. కొన్ని చోట్ల ఆ వేడి పైపైనే ఉంటాది. లడఖ్‌లో పూగా అని ఒక లోయ ఉండాది. ఆడ నీళ్ళు నేలలోంచి మసలతానే వస్తాయి. అట్లాంటి తావులో బోరు దింపితే ఆవిరి తన్నుకొని పైకొస్తుంది. దాన్ని టర్బైన్ రెక్కల మీదికి వదిలితే అవి గిర్రున తిరుగుతాయి. దానికి తగిలించిన జనరేటర్ కరెంటు ఇస్తాది."

"బొగ్గు లేకుండానే?"

"బొగ్గు కాల్చేది లేదు, పొగ లేదు. పని అయినాక చల్లారిన నీళ్ళను ఇంకో బోరులో మళ్ళీ లోపలికే పంపిస్తారు. ఆడ మళ్ళీ వేడెక్కుతాయి. సోలార్ మాదిరి పొద్దు మునిగితే ఆగిపోదు. రేయింబవళ్ళు ఒకే తీరు."

"ఆవిరి లేకుండా వట్టి వేడి నీళ్ళే వస్తే?"

"అప్పుడూ దారుండాది. నీళ్ళకన్నా ముందే మరిగే ద్రవాలుంటాయి. వేడినీళ్ళ పైపుకు ఆనించి అట్లాంటి ద్రవం పారిస్తే, అది ఆవిరై టర్బైన్‌ను తిప్పుతుంది. నీళ్ళు నూరు డిగ్రీలున్నా చాలు."

"బోరులో నీళ్ళే లేకపోతే?"

"లోపల రాయి బాగా కాలి ఉంటే, నీళ్ళు మనమే పైనుంచి పంపి వేడి చేసుకోవచ్చు. కష్టమే, కానీ కొన్ని దేశాల్లో చేస్తాండారు."

పిళ్ళప్ప చెవిలో ఆ మాట ఒక్కటే నిలిచింది. నీళ్ళు లేకపోయినా ఫరవాలేదు. వేడి ఉంటే చాలు.

"అట్లని ఆశ పెట్టుకోవద్దప్పా," అంది అంబిక ఆయన మొహం చూసి. "మన కింద ఉండే రాయి చానా పాతది. కోట్ల ఏళ్ళ కిందటే చల్లారిపోయిందని అంటారు. కొలిచి రూఢి చేసుకోవాలనే వచ్చినాం."

ఆయన ఆ మాట విననట్టే ఉన్నాడు.

వారం రోజుల్లో పదకొండు బోర్లు చూపించాడు. ఏ చేను ఎవరిది, ఏ బోరు ఏ ఏడు దింపారు, ఎన్ని అడుగులకు ఆపారు, అన్నీ నోటికే చెప్పాడు. ఒక్కటీ తప్పు కాలేదు. నాగేశ్ ఆశ్చర్యపోయి, "అప్పా, సర్కారు నీళ్ళ ఇలాఖె వాళ్ళ దగ్గర కూడా ఈ లెక్క లేదు," అన్నాడు. పిళ్ళప్పకు అది మెచ్చుకోలుగా వినిపించలేదు. ప్రతి బోరు దగ్గరా ఆ చేను మనిషి ఆయన్ను చూసి మొహం తిప్పుకోవడమో, చూసి కూడా పలకరించకపోవడమో జరుగుతూనే ఉంది. అంకెలేమో ఇరవై తొమ్మిది, ముప్ఫై, ముప్ఫైన్నర దగ్గరే తచ్చాడుతున్నాయి.

"ఇవన్నీ పన్నెండొందల అడుగుల లోపలివి. పద్నాలుగొందలు దాటిన బోరు ఒక్కటి దొరికితే మా పని అయిపోతుందప్పా," అంది అంబిక. "నీకు తెలిసి యాడయినా ఉండాదా?"

"ఉంటాదేమోనమ్మా. కనుక్కుంటా," అన్నాడు.

కనుక్కోవలసిందేమీ లేదు. అది పాతపాళ్యలో ఉంది. ఆయన సొంత అక్క మునివెంకటమ్మ చేనులో. బావ మునినారాయణ మల్బరీ తోట ఎండిపోతుంటే, ఒకదాని తరువాత ఒకటిగా ఐదు పాయింట్లు పెట్టింది ఆయనే. ఐదోది పద్నాలుగొందల అరవై అడుగులు పోయింది. తోట పోయింది. పట్టుపురుగుల షెడ్డు ఖాళీ అయింది. ఆరేళ్ళుగా రెండిళ్ళ మధ్య రాకపోకలు లేవు.

రెండు రోజులు పిళ్ళప్పకు అన్నం సహించలేదు. వాకిట్లో కూర్చుంటే లోపలికి, లోపల కూర్చుంటే వాకిట్లోకి. "ఏమయింది నీకు? కాళ్ళ కింద నిప్పులు పోసినట్టు తిరుగుతాండావు," అంది మునిరత్నమ్మ. ఆ ఐదో బోరు దింపిన పొద్దు ఆయన కళ్ళ ముందు మెదులుతోంది. జనవరి నెల, చేనంతా మంచు. అడుగు నుంచి పైకి చిమ్మిన కాసిని నీళ్ళలో లారీ వాళ్ళు చేతులు కడుక్కుని, వెచ్చగా ఉన్నాయే అన్నారు. ఆ వెచ్చదనమే నిజమైతే? ఆ బోరే అన్నిటికన్నా వేడిదైతే, బావ చేనులోనే కరెంటు పుడితే, తాను పెట్టిన పాయింట్ తప్పు కాకుండా పోతుంది కదా.

మూడో రోజు జీపు రాకముందే రోడ్డు మీదికి పోయి నిలబడ్డాడు.

పాతపాళ్యలో జీపు దిగేసరికి మునివెంకటమ్మ వాకిట్లో అలసందలు చెరుగుతోంది. తమ్ముణ్ణి చూసి చేట కింద పెట్టింది. "బాగుండావా?" అంది.

"ఉండానక్కా. బావ యాడ?"

మునినారాయణ షెడ్డులోంచి అప్పటికే బయటికి వచ్చాడు. డెబ్బై ఏళ్ళ మనిషి, ఇంకా నిటారుగానే ఉన్నాడు. ఆయన పిళ్ళప్ప వైపు చూడలేదు. అంబికతోనే, "ఏం కావాలమ్మా?" అన్నాడు. అంబిక వివరంగా చెప్పింది. ఆయన అంతా విని, "ఆ మనిషి పెట్టిన పాయింట్‌లో ఇంకేం మిగిలుండాదని వెతుకుతాండారు?" అన్నాడు.

"వేడి, బావా," పిళ్ళప్ప మాట తొందరగా వచ్చేసింది. "ఆ పొద్దు వెచ్చటి నీళ్ళు రాలేదా? లోపల వేడుంటే దాంతో టర్బైన్ తిప్పి కరెంటు తీస్తారంట. నీళ్ళు లేకపోయినా పరవాలేదంట!"

మునినారాయణ అప్పుడు మొదటిసారి బావమరిదిని చూశాడు. ఏమనుకున్నాడో, చేని గేటు తాళం తీశాడు.

పొద్దున తొమ్మిదికి మొదలైన పని మధ్యాహ్నం మూడు దాటినా సాగింది. కేబుల్ దిగుతూనే ఉంది. ఏడొందల అడుగుల దగ్గర, తోడితే గంటైనా నిలవని ఊట నీళ్ళ మట్టం తగిలింది. పిళ్ళప్ప ఒకప్పటి మల్బరీ సాళ్ళలో అటూ ఇటూ తిరుగుతున్నాడు. మునివెంకటమ్మ మజ్జిగ తెచ్చి ఇస్తే గ్లాసు చేతిలోనే ఉండిపోయింది.

"ఇంక దిగదు మేడం. అడుగు తగిలింది," అన్నాడు నాగేశ్.

అంబిక అంకె నిలిచేదాకా ఆగింది. రాసుకుంది. లేచి పిళ్ళప్ప దగ్గరికి తానే నడిచి వచ్చింది.

"ముప్ఫై రెండు పాయింట్ ఆరు, అప్పా."

"అది ఎక్కువేనా?"

"కాదప్పా. పైనుంచి ఇంత లోతు పోతే ఐదారు డిగ్రీలే పెరిగింది. ఇదే లెక్కన ఐదు కిలోమీటర్లు దింపినా నీళ్ళు మరగవు. ఈడ కరెంటు రాదు."

"మరి ఆ పొద్దు వెచ్చగా వచ్చినాయే! లారీ వాళ్ళంతా చూసినారు."

"జనవరి మంచులో చేతులు కొంకర్లు పోతాంటే, ముప్ఫై డిగ్రీల నీళ్ళు ఎవరికైనా వెచ్చగానే ఉంటాయప్పా."

పిళ్ళప్ప తల ఊపాడు. ఇంకా ఊపుతూనే ఉన్నాడు. మునినారాయణ బోరు మూతి దగ్గర నిలబడి అంతా విన్నాడు.

"పిళ్ళప్పా," అన్నాడు నెమ్మదిగా. "ఒకటి అడుగుతా. అక్క ముందరే చెప్పు. ఈ ఐదో పాయింట్ పెట్టిన పొద్దు టెంకాయ నిజంగా లేచిందా?"

పిళ్ళప్ప మజ్జిగ గ్లాసు కింద పెట్టాడు. ఆరేళ్ళలో ఆ ప్రశ్న ఎవరూ అడగలేదు. కాళ్ళు ఎటో ఒక వైపు నడవమంటున్నాయి, కానీ ఎటు పోవాలో తెలియలేదు.

"లేయలేదు బావా," అన్నాడు. "చేనంతా మూడు తూర్లు తిరిగినా. యాడా లేయలే. మీరిద్దరూ నా మొహమే చూస్తాండారు. లేదని చెప్పేదానికి నోరు రాలే. బొటనవేలితో నేనే లేపినా."

మునివెంకటమ్మ నోటికి కొంగు అడ్డం పెట్టుకుంది. "సొంత అక్క చేనులోనా? పాపిష్టోడా!" అని అరిచింది. ఇంకేదో అనబోయి అక్కడే కూలబడి ఏడ్చింది. అంబిక, నాగేశ్ కేబుల్ చుట్టడం ఆపేసి నిలబడిపోయారు.

మునినారాయణ మాత్రం అరవలేదు. బోరు పక్కన ఉన్న రాతి మీద కూర్చున్నాడు.

"నాకు తెలుసు," అన్నాడు. "నీ బొటనవేలు కదిలింది నేను చూసినా."

"చూసినావా? మరి..."

"చూసి కూడా లారీకి ఫోన్ చేసినా. లేదంటే ఇంక తోట మీద ఆశ వదులుకోవాల కదా. నువ్వు అబద్ధం చెప్తే బాగుండునని నేనే అనుకున్నా." భార్య వైపు చూడకుండా అన్నాడు. "ఆరేళ్ళు నిన్ను తిడతా ఉంటే నన్ను నేను తిట్టుకునే పని తప్పింది."

మునివెంకటమ్మ తల ఎత్తి మొగుణ్ణి చూసింది. కళ్ళు తుడుచుకుని ఇంట్లోకి పోయింది. కొంతసేపటికి లోపల్నించి, "తెల్లారకముందే మబ్బున బయల్దేరిన మనుషులు, ఆకలి గాదా? చేతులు కడుక్కోమను," అన్న మాట వినిపించింది. ఎవరిని కడుక్కోమందో చెప్పలేదు.

నలుగురూ వసారాలో రాగి ముద్ద, అలసందల చారు తిన్నారు. మునినారాయణ అంబికను పూగా లోయ గురించి రెండు మూడు ప్రశ్నలు అడిగాడు. అక్కడ బోరు దింపే వాళ్ళు పాయింట్ ఎట్ల పెడతారని అడిగాడు. ముందు ఏళ్ళ తరబడి కొలుస్తారని, అయినా తప్పుతుంటాయని ఆమె చెప్పింది. పిళ్ళప్ప తిన్నది సగమే. లేస్తుంటే అక్క గేటు దాకా వచ్చింది.

జీపులో ఆయన ఒకసారి కిటికీ దించాడు, ఒకసారి ఎత్తాడు. అనుకున్నట్టు బరువు దిగలేదు. ఒక చోట నిజం చెప్పేసరికి తక్కిన చోట్లన్నీ ఒక్కసారిగా మీద పడ్డాయి. అంబిక తమ నివేదిక గురించి చెబుతోంది. కరెంటుకు పనికిరాని నేల ఎంతమేరకు ఉందో పటం మీద గీస్తారట, ఆ గీతల్లో పాతపాళ్య బోరు కూడా ఉంటుందట. ఆయన ఊఁ కొడుతున్నాడే గాని వినడం లేదు.

"నాగేశూ, మిట్టేమరిలో కాస్త ఆపప్పా."

"ఆడ బోరు చూసేసినాం కదా," అంది అంబిక.

"బోరు కోసం కాదమ్మా. పురుషోత్తమ్ అని ఒకాయన ఉండాడు. మొన్న మనం కొలుస్తాంటే దూరంగా నిలబడి చూసిపోయినాడే, ఆయనే. రెండు పాయింట్లు పెట్టినా ఆయనకు. ఒకదాంట్లో నిజంగానే లేచింది. ఇంకోదాంట్లో లేయలేదు."

జీపు ఆగింది. పిళ్ళప్ప దిగి పంచె సర్దుకున్నాడు.

"ఊరికెట్ల పోతావప్పా? మమ్మల్ని ఉండమంటావా?" అంది అంబిక.

"వద్దమ్మా. బస్సులుంటాయి."

"రేపు వస్తావా మరి? గుడిబండ వైపు పోతాండాం."

"రేపు చెప్పలేనమ్మా," అన్నాడు అప్పటికే నడక మొదలుపెట్టి. "ఇంకా చానా మంది ఉండారు."