బుల్లమ్మ మాట, కొత్త విండోసు

నా కంప్యూటర్ జోలికి ఎవరొచ్చినా నాకు ఒళ్లు మండుతుంది. చీపురుపల్లి స్టేషన్ రోడ్డులో ఇరవై రెండేళ్లుగా డీటీపీ షాపు నడుపుతున్నాను. పెళ్లి కార్డులు, పెద్దకర్మ కార్డులు, కరపత్రాలు, అన్నీ పాత విండోసు మీదే. అలాంటిది అక్కనైన నన్ను 'అప్పా' అని పిలిచే మా పిన్ని కొడుకు త్రినాథ్, పెద్ద మెకానిక్‌లా వచ్చి, కొత్త విండోస్ ఎక్కించాల్సిందేనన్నాడు.

"అప్పా, కొత్త ప్రింటరును ఇది గుర్తుపట్టడం నేదు. ఎన్నాళ్లు లాగుతావు?"

"ఎక్కిస్తే నా తెలుగు సాఫ్ట్‌వేరు పని సేస్తాదా?"

"సెయ్యదు."

"అయితే నోరు మూసుకో."

నా బాధ కార్డుల గురించి కాదు, బుల్లమ్మ గురించి. ఎండు నెత్తళ్ల గంపతో వారం వారం ప్యాసింజరు దిగి, నా షాపు అరుగు మీద కూలబడుతుంది. డెబ్బై దాటిన మనిషి. అక్షరం ముక్క రాదు. కానీ ఏ గాలికి ఏ చేప వస్తుందో, పడవెక్కేటప్పుడు ఏ మాట అనకూడదో అడిగితే చాలు, ఇక ఆగదు. "మా వాడలో కుర్రోలికి ఇయ్యేటీ తెలవ్వు. బుక్కెయ్యమ్మా" అంది ఓసారి. అప్పటి నుంచి ఆమె చెప్పడం, నేను కొట్టడం. ఆరేళ్లకు నూట నలభై పేజీలయ్యాయి. అవి పోతే మళ్లీ చెప్పడానికి ఆ మనిషి ఉండొద్దూ?

ఆ రోజు కూడా ఆమె అరుగు మీదే ఉంది. త్రినాథ్ ఊరుకోకుండా ఆ ఫైలును తన లాప్‌టాప్‌లో తెరిచాడు. చూద్దును కదా, ఒక్క తెలుగు అక్షరం లేదు! అన్నీ ఇంగ్లీషు అక్షరాలు, కామాలు, డాలరు గుర్తులు.

"ఓరి నాయనో! నా తెలుగు ఇంగ్లీషైపోనాదేట్రా?"

"ఇప్పుడవలేదప్పా, మొదట్నించీ ఇంగ్లీషే. నువ్వు తెలుగు కొట్టినప్పుడల్లా ఇది లోపల ఇంగ్లీషు అక్షరమే దాసుకున్నాది. నీ ఫాంటు దానికి తెలుగు ముసుగేసి సూపించింది, అంతే."

నేను పదో తరగతి ఇంగ్లీషు మూడుసార్లు తప్పాను. ఇరవై రెండేళ్లుగా కొట్టింది ఇంగ్లీషా! కోపం, నవ్వు ఒకేసారి వచ్చాయి. తర్వాత కుతూహలం పట్టుకుంది.

"బుల్లమ్మ పేరెక్కడున్నాదో సూపించు."

వెతికి చూపించాడు. నాలుగు అక్షరాలు, రెండు కొక్కేలు, ఒక డాలరు. బుల్లమ్మ వంగి చూసింది.

"ఇది నానా? పీతలాగున్నానేటి!"

త్రినాథ్ ఆ పేజీని లాప్‌టాప్ చేత చదివించాడు. అది "వై, డాలర్, స్లాష్" అని గొణిగింది. "దీనికి జొరమొచ్చినాది" అని బుల్లమ్మ పకపకా నవ్వింది.

"అసలు తెలుగులోకి మార్సీవొచ్చప్పా" అని త్రినాథ్ ఒక్క పేజీ మార్చాడు. అక్కడక్కడ వత్తులు తప్పాయి కానీ తెలుగే. మళ్లీ చదవమన్నాడు. ఈసారి లాప్‌టాప్ ఆడగొంతుతో స్పష్టంగా చదివింది: "గాలి మారినచో కవళ్ల చేపలు ఒడ్డునకు చేరును. అప్పుడు వల వేయుట మంచిది."

బుల్లమ్మ నవ్వు ఆగిపోయింది.

"ఇంకోపాలి సదివించు, బాబూ."

చదివించాడు.

"ఎవల మాటది?"

"నీదే అత్తా. నువ్వు సెప్పిందే" అన్నాను.

"నాది కాదు. 'గాలి తిరిగినాదంటే కవళ్లు ఒడ్డుకొచ్చెస్తాయి, వలట్టుకుని పరిగెట్టు' అన్నాను నాను. ఈ వేయుటేటి? మా ఇంటావంటా నేదు ఆ మాట."

ఆమె చెప్పింది నిజం. నేనూ రోజంతా 'సెప్పు', 'సూడు' అనే మాట్లాడతాను. కీబోర్డు ముందు కూర్చుంటే మాత్రం చేతికి పెళ్లి కార్డుల భాష వచ్చేస్తుంది. ఆరేళ్లుగా ఆమె మాట రాస్తున్నాననుకుంటూ ఆమెను దిద్దుతున్నాను. ఆమెకు చదువు రాదు కాబట్టి ఇదేమిటని అడిగినవాళ్లు లేరు. ఆ పేజీలు పాత కంప్యూటర్‌లోనే ఉంటే ఆమె చెవిన పడేవి కావు, ఆమె ఎప్పటికీ అడగలేకపోయేది. చచ్చేంత సిగ్గేసింది.

"ఎక్కించెయ్‌రా" అన్నాను.

"మరి నీ సాఫ్ట్‌వేరు?"

"ముందు పేజీలన్నీ అసలు తెలుగులోకి మార్సు. తర్వాత ఎక్కించు. నా సేతి ఏళ్ల సంగతి నాను సూసుకుంటాను, వాటికి కొత్త మీటలు మళ్లీ నేర్పుతాను."

పై వారం బుల్లమ్మ గంప దించుతూనే "సదివించు" అంది. కంప్యూటర్ ఒక వాక్యం చదవడం, ఆమె ఆపడం, నేను ఆమె నోటి మాట ఉన్నదున్నట్టు కొట్టడం. వేళ్లు కొత్త మీటల కోసం తడుముకుంటున్నాయి. మొదటి పేజీకే పూట గడిచింది. 'తిరిగినాదంటే' అని కొట్టానో లేదో దాని కింద ఎర్రగీత పడింది. 'ఒడ్డుకొచ్చెస్తాయి' కింద ఇంకోటి.

"నా మాట కింద ఆ ఎర్రగీతేటమ్మా?"

"తప్పని సెప్తన్నాది, అత్తా."

"ఎవలు, ఇదా?" బుల్లమ్మ కంప్యూటర్‌ను కిందికీ మీదికీ చూసింది. "ఇదెప్పుడైనా సముద్రం సూసినాదా?"

ఎర్రగీతలను అలాగే ఉంచి, తర్వాతి వాక్యం చదివించాను.