రాణి ఏడ్చే చోటు

ఆ ఏడు హనుమండ్లు ఒక్కడే వచ్చాడు. భుజాన శారద తంబుర ఉంది, వేళ్లకు తాళం వేసే అందెలున్నాయి. పక్కన గుమ్మెట కొట్టే మనిషి లేదు.

మెట్‌పల్లి పద్మశాలి వాడలో ఏటా దసరా ముందు కథ చెప్పడం అతనికి తాతల నాటి హక్కు. ఆ వాడలో ఇంకో శారదకాడు తీగ మీటకూడదు. కట్టుబాటు ఒక్కటే. పొద్దు గూకేలోగా కథ ముగియాలి. మధ్యలో ఆగిందా, వాడ చేజారినట్టే.

భార్య బాలవ్వ ఆషాఢంలో పోయింది. పెండ్లాం పోయినవాణ్ని జనం నాలుగు నాళ్లు జాలిగా చూస్తారు. తర్వాత ఎప్పుడు పక్కకు జరుగుతాడా అని చూస్తారు. తమ్ముడు పర్శరాములు ఆ నాలుగు నాళ్లు కూడా ఆగలేదు. దినాల నాడు విస్తరి ముందు కూర్చునే మాట ఎత్తాడు.

"అన్నా, వదినె గుమ్మెట మా ఇంటిదానికి, చంద్రవ్వకియ్యి. అది వంత పాడుతది. ముగ్గురం పోదాం."

"గీ ఏడు ముగ్గురం పోతం. వచ్చే ఏడు మీరిద్దరే పోతరు," అన్నాడు హనుమండ్లు. మళ్లీ తమ్ముడి గడప తొక్కలేదు.

వాడ పెద్ద రామచంద్రం నాలుగు బాటలు కలిసే చోట చాప పరిపించాడు. మగ్గాలు ఆగాయి. జనం చేరారు.

"వంత ఏదయ్యా?"

"నేనే పాడుకుంట."

"నువ్వే అడిగి నువ్వే చెప్తవా? పిచ్చోని ముచ్చటైతది గద," అన్నారెవరో.

నవ్వారు. రామచంద్రం నవ్వలేదు. "రజాకార్ల ఏడు గూడ మా వాడల కథ ఆగలే. ఆగితే మాత్రం నన్ననొద్దు. నీ తమ్ముడు మొన్ననే వచ్చి కలిసి పోయిండు."

హనుమండ్లు తీగ సవరించాడు.

రాజు వేటకు పోయాడు. రాణి మీద చాడీలు మోశారు. వంత వచ్చిన చోటల్లా గొంతు సన్నం చేసి "తర్వాతేమాయె?" అని తనే అడిగాడు. గొంతు లావు చేసి తనే చెప్పాడు. ఒకసారి అలవాటు కొద్దీ ఎడమ పక్కకు తిరిగి ఆగాడు. అక్కడ ఒక కుక్క పడుకొని ఉంది. మళ్లీ అటు తిరగలేదు. రాజు రాణిని అడవిలో వదిలేశాడు.

రాణి ఏడ్చే చోటు వచ్చింది.

ఆ చోటు బాలవ్వది. శోకం పాట ఆడమనిషే కట్టుకోవాలి, ఆడమనిషే పాడాలి. మగవాడికి అందులో పని లేదు. బాలవ్వ గుమ్మెట దించి కొంగు మూతికి అడ్డం పెట్టుకోగానే అతను లేచి వాడ చివర కల్లు దుకాణానికి పోయేవాడు. ముంత ఖాళీ చేసి, మీసాలు తుడుచుకుంటూ, కళ్లు తుడుచుకునే ఆడవాళ్ల నడుమ నుంచి వచ్చి రాజు మాట అందుకునేవాడు: "వింటినే సతీ, నీ మాటలన్నీ వింటిని."

ఆ పాటలో మొదటి ముక్క కూడా అతనికి రాదు. ఏదో ఒకటి కట్టి దాటించవచ్చని దారంతా అనుకుంటూ వచ్చాడు. "అయ్యో రాజా" అన్నాడు. ఆ తర్వాత ఏమీ లేదు.

ఎవరో దగ్గారు. రామచంద్రం పడమటి వైపు చూశాడు.

ముందు వరసలో నూలు కండెలు చుట్టే బుచ్చవ్వ కూర్చుని ఉంది. చూపు ఆనని ముసలిది. పాట ఆమె ఎత్తుకుంది.

"ఊరోళ్లకు కథ జెప్పే రాజా
ఇంటికొస్తే మూగవైతివి
బిడ్డను మట్టిల వెట్టివచ్చి
తీగె సవరించుకుంటివి
అడివి నాకు కొత్తగాదు
పొయ్యికాడ ఒంటిదాన్నే"

ఏ రాజూ ఊరికి కథ చెప్పడు. ఏ రాజు చేతిలోనూ తీగ లేదు. హనుమండ్లు తల ఎత్తాడు. వాడ ఆడవాళ్లందరి పెదవులూ కదులుతున్నాయి. అందరికీ వచ్చు. ఏటేటా విన్నారు. అతని బిడ్డ సంగతి, అతని పొయ్యి సంగతి వాడంతటికీ తెలుసు. తెలిసే అతని చేటలో బియ్యం పోశారు.

పాట అయిపోయింది. బుచ్చవ్వ ముక్కు చీదింది.

"బాలవ్వ గిట్ల పాడేది. నాకొచ్చినంత నేను పాడిన. ఇగ రాజు మాట అను బిడ్డా, పొద్దువోతుంది."

"వింటినే సతీ" అని ఆ ఒక్క మాట అంటే తక్కిన కథ దానంతటదే నడుస్తుంది. వాడ నిలుస్తుంది. ఏళ్లుగా నాలుక మీద ఉన్న మాట. హనుమండ్లు తీగ మీద వేలు పెట్టాడు. వేలు అక్కడే ఉంది.

"ఒక్క మాటే గదయ్యా," అన్నాడు రామచంద్రం. "అని కథ నడిపియ్యి."

పొద్దు ఇండ్ల కప్పుల కిందికి దిగింది. హనుమండ్లు అందెలు ఒక్కొక్కటే తీసి మూటలో వేసుకున్నాడు.

"మా తమ్మునికి కబురు వెట్టుండ్రి. చంద్రవ్వ గొంతు మంచిదే."

"మరి గుమ్మెట?"

"అది మాత్రం నేనియ్య."

వెనక మగ్గాలు మళ్లీ మొదలయ్యాయి. కల్లు దుకాణం ముందు దుకాణపాయన అలవాటు ప్రకారం ముంత నింపి పట్టుకుని నిలబడ్డాడు.

"ఇయ్యాల ఆలస్యమైందేందన్నా? రాణి ఇంక ఏడుస్తనే ఉన్నదా?"

"ఏడుస్తనే ఉన్నది," అని హనుమండ్లు ముంత ముట్టకుండా కోరుట్ల బాట పట్టాడు.