గోడ మీద ఎదురుపడ్డ అక్కచెల్లెళ్లు

రైలు దిగిన రోజ్‌విటా టాక్సీ ఎక్కలేదు. పొలాల మీదుగా నడిచే ఊరికి బయలుదేరింది. నవంబరు పొగమంచులో కోట గుమ్మం ముందు నిలబడేదాకా అసలు అక్కడ ఊరున్నట్టే తెలియలేదు. గుమ్మం దాటితే రాళ్లు పరిచిన వీధి, ఒకదాని భుజం మీద ఒకటి వాలి నిద్రపోతున్నట్టున్న కొయ్యదూలాల ఇళ్లు, ఎక్కడినుంచో కాలుతున్న రొట్టె వాసన. పడుచుతనంలో విడిచివెళ్లిన ఊరు వెంట్రుకవాసి కూడా మారలేదు. తన జుట్టు నెరిసిన సంగతి ఆమె కాసేపు మరిచిపోయింది.

అక్క హెర్తా ఇంకా ఉంటున్న పుట్టింటి వీధి మలుపు దాకా వెళ్లాక కాళ్లు ముందుకు పడలేదు. పక్కనున్న చెక్కమెట్లెక్కి కోటగోడ మీదికి చేరింది. ఊరిని చుట్టివచ్చే ఆ గోడ మీద, పెంకుల చూరు కింద, సన్నని దారి ఉంది. అక్కణ్ణించి పుట్టింటి కప్పయినా చూసుకుని వెళ్లిపోదామనుకుంది. హెర్తా పెళ్లాడవలసిన లోటార్‌తోనే ఆమె ఒకప్పుడు ఈ ఊరు విడిచిపోయింది. ఆ తర్వాత అక్కచెల్లెళ్ల మధ్య మాటా మంతీ లేవు. లోటార్ మొన్న వసంతంలో పోయాడు.

కప్పుల మీద మంచు పాలలా పరుచుకుని ఉంది. నడుస్తోందో తేలుతోందో తెలియకుండా సాగుతుంటే ఎదురుగా ఒక ఆకారం కనబడింది. అమ్మే అనుకుంది. అదే నడక, అదే తలగుడ్డ. అమ్మ పోయి ఏళ్లయిందని ఆ క్షణాన తోచనే లేదు.

"కాస్త పక్కకి జరగండి, రొట్టెలు నలిగిపోతాయి."

రోజ్‌విటా గోడకి ఒదిగింది. ఆ వచ్చినావిడ దాటబోతూ ఆగింది.

"నువ్వటే?"

"నేనే అక్కా."

హెర్తా కళ్లు చికిలించి చూసింది. "ముసలిదానివైపోయావే."

"నీకంటే చిన్నదాన్నేగా ఇంకా."

హెర్తా పెదవి చివర కాస్త కదిలింది. లోటార్ సంగతి తెలుసనీ, పేపర్లో చూశాననీ చెప్పింది. అంత్యక్రియల రోజు నల్లకోటు వేసుకుని స్టేషన్ దాకా వెళ్లిందట. రైలొచ్చింది గానీ ఎక్కలేదట.

"వాడి మీద కోపం కాదే. వాడి మొహమే సరిగ్గా గుర్తులేదు. నిన్ను చూస్తే ఏమంటానోనని భయమేసింది."

రోజ్‌విటా రైల్లో ఎన్నో మాటలు కూర్చుకుని వచ్చింది. ఇప్పుడు ఒక్కటే నోట్లోంచి వచ్చింది. "తప్పయిపోయింది అక్కా."

"ఆ మాట వినాలని ఏళ్ల తరబడి కాచుకున్నాను," అంది హెర్తా. "తీరా వింటే, ఇంతేనా అనిపిస్తోంది."

రొట్టెల సంచీ చెల్లెలి చేతికిచ్చి, తన చెయ్యి లాగుతోందంది. పక్కపక్కన నడవడానికి చోటు లేదు. హెర్తా ముందు, రోజ్‌విటా వెనక. బురుజులో చేరిన కాకుల గోల గురించీ, పక్కింటివాళ్లు వాయించే డప్పు గురించీ హెర్తా వెనక్కి తిరక్కుండానే విసుక్కుంటోంది. ఇంటి దగ్గరి మెట్లు వచ్చాయి. ఇద్దరిలో ఎవరూ దిగలేదు. మంచు పలచబడి, కింద పెరళ్లలో ఆపిల్ చెట్లు ఒక్కొక్కటే తేలుతున్నాయి. గోడ మీదే ఊరంతా చుట్టి మళ్లీ అక్కడికే వచ్చాక, హెర్తా ముందు దిగి, జారుతుంది చూసుకోమంటూ చెయ్యందించింది.